ఫలితం రాయని వరుస

ఆ ఆదివారం మధ్యాహ్నం అరుగు మీద ఉన్నవాళ్లం ఐదుగురం. ఆశీర్వాదం, బాలానగర్‌లోని ఒక చిన్న ఫ్యాక్టరీలో ఇనుప ముక్కల్ని తిప్పి చెక్కే లేత్ మెషిన్ మీద టర్నరు, ఆ ఇంటి యజమాని. ఆయన భార్య రాహేలు, సగం గడప లోపల, సగం బయట, ఒళ్లో బియ్యం చేట. వాళ్ల కూతురు కరుణ, ఆరేళ్లు, నేల మీద చింతగింజలు. కోటేశ్వరరావు, అదే ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్, కోస్తా మనిషి, నాస్తికుడు. ఐదోవాణ్ని నేను, డిప్లొమా ముగించి ఇన్‌స్పెక్టరుగా చేరి ఏడాది దాటింది. ఉన్న వస్తువులు: నులక మంచం ఒకటి, ముక్కాలి పీట ఒకటి, నల్ల అట్ట బైబిలు ఒకటి, అంచులు మడతపడ్డ నాస్తిక పత్రికలు మూడు, మట్టి కుండ, దాని మీద సొట్ట గ్లాసు, నా చేతిలో గీతల నోటుబుక్కు.

ఆ నోటుబుక్కు గురించి ముందు చెప్పాలి. ఫ్యాక్టరీలో నా పని లేత్ మీదినుంచి దిగిన ప్రతి ముక్కనూ కొలిచి, రిజిస్టరులో నాలుగు గడుల్లో రాయడం. వరుస సంఖ్య, వివరం, కొలత, ఫలితం. ఫలితం మూడు రకాలే: పాస్, రిజెక్ట్, రీవర్క్. లింగంపల్లి స్టేషన్ దగ్గరి ఆ పెంకుటింట్లో పక్క గది కిరాయికి తీసుకుని నేనూ కోటేశ్వరరావూ ఉండేవాళ్లం. ఆదివారం గుడి నుంచి, వాళ్ల వాడుకలో చర్చి నుంచి, ఆశీర్వాదం వచ్చి, అన్నాలు ముగిశాక, అరుగు మీద వాళ్లిద్దరి వాదన మొదలయ్యేది. రెండు మూడు వారాలు విన్నాక నాకు ఒకటి తోచింది. వీళ్లు అన్నదే అంటున్నారు, ఎక్కడిదాకా వచ్చారో గుర్తుండటం లేదు. అందుకని వాళ్ల వాదనకు ఒక రిజిస్టరు తెరిచాను. వాళ్లిద్దరూ నవ్వి ఒప్పుకున్నారు. తర్వాత నవ్వడం మానేశారు. ఆదివారం సాయంత్రమయ్యేసరికి ఇద్దరూ నా భుజాల మీదుగా తొంగిచూసి, ఫలితం గడిలో ఏం రాశానో చదివి గాని లేచేవాళ్లు కాదు.

ఆ ఇంటి దినచర్య నాకు ఇప్పటికీ వాసనలతోనే గుర్తు. పొద్దున జొన్నరొట్టె కాలుతున్న వాసన, కిరసనాయిలు పొయ్యి ఆర్పినప్పుడు వచ్చే ఘాటు, ఆశీర్వాదం చొక్కాలో ఎన్ని ఉతుకులకూ పోని నూనెనీళ్ల వాసన. లేత్ మీద ఇనుము కాలకుండా పోసే ఆ తెల్లటి నీళ్లు ఆయన చర్మంలోకే ఇంకిపోయాయి. ఆయన నలభై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మాట్లాడేటప్పుడు బొటనవేలిని చూపుడువేలితో రుద్దేవాడు, ఏదో ముక్క నునుపు చూస్తున్నట్టు. దీపాలు పెట్టే వేళ కుటుంబ ప్రార్థన. అప్పుడు కోటేశ్వరరావు గదిలో రేడియో గొంతు తగ్గించేవాడు. ఎందుకని ఒకసారి అడిగితే, "ఆయన దేవుడి కోసం కాదండి, ఆయన కోసం" అన్నాడు. స్టేషన్ పక్కనే రేకుల గుడి. గంట బదులు వేపకొమ్మకు రైలు పట్టా ముక్క వేలాడేది. దాన్ని ఇనుప కడ్డీతో కొడితే ఆ మోత బండరాళ్లకు తగిలి తిరిగొచ్చేది. ఇప్పుడు అద్దాల ఆఫీసులున్న వైపంతా అప్పుడు రాళ్లు, సీతాఫలం పొదలు, మేకలు.

వాదనలు తేలికపాటివేమీ కావు. మంచిచెడుల మీద నాలుగు ఆదివారాలు నడిచింది. "దేవుడు లేకుంటే తప్పేందో ఒప్పేందో నువ్వు దేనితోని కొలుస్తవ్ రావు సాబ్?" అని ఆశీర్వాదం అడిగేవాడు. "మన తమ్ముడు పొద్దంత గేజి పెట్టి కొలుస్తడు. ఆ గేజి సరిగ్గుందో లేదో ఆఫీసుల ఉన్న మాస్టర్ గేజితోని చూస్తరు. మాస్టరే లేదంటే ఇగ మన గేజిలన్ని ఏం గేజిలు?"

"ఆ మాస్టర్ గేజీని ఎవరు చేశారండీ? మనిషే కదా. ఇంత పొడుగు ఒక మీటరని నలుగురు కూర్చుని ఒప్పుకున్నారు. పని జరగట్లా? మంచీ అంతే. నలుగురం ఒప్పుకుంటే చాలు."

"నలుగురు ఒప్పుకుని మా తాతను ఊరి బావికాడికి రానియ్యలే. మస్తు మంది ఒప్పుకున్నరు. గది మంచైతదా?"

ఆ వరుసలో ఆశీర్వాదానికి పాస్ రాశాను. కోటేశ్వరరావే రాయమన్నాడు.

చెడు గురించిన ఆదివారం మాత్రం వేరే. కోటేశ్వరరావు పుస్తకాల మాటలు పక్కనబెట్టి తన ఇంటి సంగతి చెప్పాడు. వాళ్లది సముద్రానికి దగ్గరి ఊరు. అతను చదువుకుంటున్న రోజుల్లో తుపాను వచ్చింది. అమ్మ ఒక చేత్తో తాటిచెట్టును, ఒక చేత్తో చిన్న తమ్ముణ్ని పట్టుకుని ఉంది. తమ్ముడికి ఏడేళ్లు. చెయ్యి జారింది. "అమ్మ ఇప్పటికీ రోజూ గుడికెళ్తుందండి. నేను క్షమించలేనిది అదొక్కటే. చెప్పండి ఆశీర్వాదం గారూ, ఆ సమయానికి మీ దేవుడు ఎక్కడున్నాడు?"

"నీళ్లల్లనే ఉన్నడు. నీ తమ్మునితోనే ఉన్నడు."

"ఉండి? ఈత రాదా ఆయనకి?"

రాహేలు గడప లోపల "యేసయ్యా" అంది. ఆశీర్వాదం వేళ్లు రుద్దుకుంటూ ఉండిపోయాడు. చివరికి, "నాకు తెల్వది రావు సాబ్. నిజంగ తెల్వది" అన్నాడు. తెలియదన్న మాటకు మా రిజిస్టరులో గడి లేదు. ఎదుటివాడికి పాస్ రాశాను. ఇప్పుడనిపిస్తుంది, ఆ నోటుబుక్కు మొత్తంలో వాళ్లిద్దరూ అన్న మాటల్లో అన్నిటికన్నా నిజాయితీ గల మాట అదేనని. దానికి నేను ఆయన్ను ఓడించాను.

ఇక మొదట చెప్పిన ఆదివారం. ఆ పొద్దున ఆశీర్వాదం గుడిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు. తమ బతుకులో దేవుడు చేసిన మేలును అందరి ముందూ చెప్పుకోవడం వాళ్ల ఆచారం. కరుణకు అంతకుముందు నెలలో చలిజ్వరం వచ్చింది, ఇంట్లో మోకాళ్ల మీద ప్రార్థన చేశారు, తగ్గింది. మధ్యాహ్నం అరుగు మీద అదే మాట మళ్లీ చెప్పాడు, నోటుబుక్కు వైపు చూస్తూ. చెడు మీద ఓడినది గెలుచుకుందామని ఆయన మనసులో ఉన్నట్టు నాకు అప్పుడే అర్థమైంది.

"మరి కాంపౌండరు గారు గోళీలిచ్చారు కదండీ?" అన్నాడు కోటేశ్వరరావు. "రెండు పూటలా వేశారు. నేనే చూశాను."

"గోళీలు ఏసినం. ప్రార్థన గూడ చేసినం."

"మరి తగ్గించింది ఎవరు? సాక్ష్యం ఆ గోళీలకి చెప్పాలి గదా, పాపం వాటికి నోరు లేదు."

కరుణ పకపకా నవ్వింది. ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను ఆలోచించి తీర్పు చెప్పాను. ఇరవై రెండేళ్లవాడి గొంతు, చదువుకున్నవాడి గొంతు. "అన్నా, మీరే నాకు నేర్పారు. లేత్ మీద ముక్క వణుకుతూ గీతలు పడుతుంటే స్పీడు మార్చాలి, లేకపోతే పనిముట్టు మార్చాలి. ఒకేసారి రెండూ మారిస్తే ఏది పనిచేసిందో ఎన్నటికీ తెలియదన్నారు. ఇక్కడ రెండు మారాయి. ఇది పాస్ కాదు. రీవర్క్."

రీవర్క్ అంటే ముక్క పాడుకాలేదు, మళ్లీ చేసి తీసుకురమ్మని.

ఆశీర్వాదం తల ఊపాడు. నిజంగానే అది ఆయన నేర్పిన పాఠమే. నేను చేరిన మొదటి వారంలో, నా చెయ్యి పట్టుకుని హ్యాండిల్ తిప్పిస్తూ, "జర ఓపిక పట్టు తమ్మీ, ఒక్కటే మార్చాలె, చూడాలె, మల్ల ఇంకోటి" అని నేర్పాడు. "నువ్వన్నది కరెక్టే" అన్నాడు. రాహేలు చేటలో రాళ్లేరడం ఆపి ముగ్గుర్నీ చూసి, మళ్లీ ఏరడం మొదలుపెట్టింది.

తర్వాత రెండు నెలలకు, ఒక గురువారం పొద్దున ఆరు గంటలకు, కరుణకు ఒళ్లు కాలుతోందని రాహేలు అంది. కోటేశ్వరరావు తల్లిని చూడటానికి ఊరెళ్లి వారమైంది. గుడికి రెండు వారాలకొకసారి వచ్చే పాస్టరు అయ్యగారు అప్పుడు వేరే ఊళ్ల సంఘాల వైపు ఉన్నారు. ఆయన ఎన్నడూ మందులు మానమని చెప్పిన మనిషి కాదు, జ్వరమంటే ముందు దవాఖానకే పొమ్మనేవారు. ఈ సంగతి తర్వాత కొందరు మరిచిపోయారు కనక రాస్తున్నాను. నేను టిఫిను డబ్బా పట్టుకుని బయల్దేరుతుంటే ఆశీర్వాదం గేటు దాకా వచ్చాడు.

"తమ్మీ, ఈసారి ఒక్కటే మారుస్త."

నాకు అర్థమైంది. అర్థం కాలేదని రాసుకోవడానికి వీల్లేదు.

"రావు సాబ్ వచ్చేలోపల తగ్గుతది. ఆయనకు బుక్కుల చూపిద్దాం. నువ్వైతే రాస్కో."

రాసుకున్నాను. రైల్లో కూర్చుని, పెన్సిలుతో. గురువారం, ఆరు గంటలు, జ్వరం. ప్రార్థన: ఉంది. మందు: లేదు. ఆయన ఫ్యాక్టరీకి సెలవు పెట్టాడు. సనత్‌నగర్‌లో దిగి నడుస్తూ నేను ఆలోచించింది పిల్ల గురించి కాదు. చిన్న జ్వరాలు వాటంతట అవే మూడు రోజుల్లో పోతాయి కదా, అప్పుడు ఈ పరీక్షకు కోటేశ్వరరావు ఒప్పుకోడేమో, ఫలితం గడిలో ఏం రాయాలి అని.

శుక్రవారం పొద్దున పిల్ల గొంతు నొప్పంటోంది, నీళ్లు మింగలేకపోతోంది. రాసుకున్నాను. శనివారం పొద్దున మెడ రెండు వైపులా వాచింది. ఊపిరి తీస్తుంటే లోపలెక్కడో రంపం లాగినట్టు చప్పుడు. అదీ రాసుకున్నాను. గేటు దాటుతుంటే వెనకనుంచి రాహేలు పిలిచింది. "తమ్మీ, జర ఆగు. మీ అన్నకు నువ్వన్న చెప్పు. నా మాట ఇనడు." బండి వచ్చే వేళైంది. "సాయంత్రం మాట్లాడతాను వదినా" అన్నాను. సాయంత్రం మాట్లాడాను కూడా. "అన్నా, డాక్టరుకు చూపిద్దామా?" అని. అది అడగడం కాదు. మోకాళ్ల మీద ప్రార్థన చేస్తున్నవాడల్లా తల తిప్పి, "రేపు ఆదివారం. గుడిల అందరం కూడి ప్రార్థన చేస్తం. రేపటిదాంక ఆగు" అన్నాడు. నేను ఆగాను.

ఆదివారం మధ్యాహ్నం అరుగు మీద ఉన్నవాళ్లం మళ్లీ అంతమందిమే. ఆశీర్వాదం నేల మీద మోకాళ్లు వేసి ఉన్నాడు. రాహేలు మంచం పట్టె మీద. కరుణ మంచం మీద. నేను పీట మీద, చేతిలో నోటుబుక్కు. ఐదోవాడు పన్నెండు గంటల బండి దిగి, చేతిసంచీతో గేటు తీసుకుని వచ్చాడు. సంచీలో పిల్ల కోసం తెచ్చిన తాటిబెల్లం ఉంది.

కోటేశ్వరరావు మొదట నవ్వుతూనే వచ్చాడు. తర్వాత ఆ చప్పుడు విన్నాడు. పిల్ల గడ్డం పట్టి నోరు తెరిచి చూశాడు. గొంతులో తెల్లటి పొర. "ఎన్నాళ్ల నుంచి? డాక్టరేమన్నాడు?" అన్నాడు. నా చేతిలో నోటుబుక్కు లాక్కుని చదివాడు. చదువుతుంటే అతని మొహం ఎలా మారిందో నేను రాయలేను.

"మీకు పిచ్చి పట్టిందా?"

"రావు సాబ్, ఒక్క పూట" అన్నాడు ఆశీర్వాదం. "గుడిల ఇప్పుడే అందరు..."

"నేను ఓడిపోయాను. వింటున్నారా? దేవుడున్నాడు. నేను ఓడిపోయాను, మీరు గెలిచారు, ఇది పాస్." నోటుబుక్కు నా ఒళ్లో పడేశాడు. "రాయరా! ఆయనకి పాస్ అని రాయి! ఇంక లేవండి ఆశీర్వాదం గారూ, మీ కాళ్లు పట్టుకుంటా, లేవండి."

నిజంగానే కాళ్లు పట్టుకున్నాడు. ఆశీర్వాదం ఆ చేతుల్ని చూశాడు, నన్ను చూశాడు, లేచాడు. పిల్లను దుప్పట్లో చుట్టి కోటేశ్వరరావే ఎత్తుకున్నాడు. చెప్పులు కూడా వేసుకోలేదు. నాంపల్లి బండి కోసం ఇరవై నిమిషాలు నిలబడ్డాం. ఆ ఇరవై నిమిషాలూ నాస్తికుడు పిల్లను భుజాన వేసుకుని ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరుగుతూ, దాని చెవిలో ఏదో చెబుతూనే ఉన్నాడు.

దవాఖానలో డాక్టరు గొంతులోకి దీపం వేసి చూసి, కంఠసర్పి, అంటే డిఫ్తీరియా, అన్నాడు. వెంటనే సూదిమందు ఎక్కించమని నర్సుకు చెప్పి, కాగితం తీసి, "ఎన్ని రోజులైంది?" అని అడిగాడు. తల్లీతండ్రీ నేల చూపులు చూశారు.

"మూడు రోజుల ఎనిమిది గంటలు" అన్నాను.

డాక్టరు తలెత్తాడు. "అంత కరెక్టుగా ఎట్లా తెలుసు? మీరు తండ్రా?"

"కాదండి. పక్క గదిలో ఉంటాను."

ఆ మందు మొదటి రోజుల్లో చేసినంత పని తర్వాత చేయదని తర్వాత నేనే చదివి తెలుసుకున్నాను. సోమవారం పొద్దున పది గంటలకు కరుణ పోయింది.

గోపన్‌పల్లి దారిలో చిన్న సమాధుల దొడ్డి ఉండేది. రైలు పట్టా ముక్క ఎవరో మెల్లిగా కొట్టారు. మట్టి వేసేటప్పుడు కోటేశ్వరరావు అందరితోపాటు వేశాడు. తర్వాత రాతి మీద కూర్చుని, నాతో అన్నమాట ఇది: "ఆయనకి తిట్టుకోడానికైనా ఒకడున్నాడయ్యా పైన. నేనెవర్ని తిట్టుకోవాలి? నువ్వూ నేనూ తప్ప ఎవరూ కనిపించట్లేదు." ఆ ఏడు తిరక్కుండానే ఉద్యోగం మానేసి ఊరెళ్లిపోయాడు. వెళ్లేరోజు నాస్తిక పత్రికల కట్ట గదిలోనే వదిలేశాడు. ఉత్తరం ఎన్నడూ రాయలేదు.

ఆశీర్వాదం గుడికి వెళ్లడం మానలేదు. కాకపోతే ముందు వరుస వదిలి తలుపు దగ్గర కూర్చునేవాడు. సాక్ష్యం మళ్లీ చెప్పలేదు. నెల దాటాక ఒకరోజు నేను ముక్కలు కొలుచుకోవడానికి ఆయన లేత్ దగ్గరికి వెళితే మెషిన్ ఆపాడు. వేళ్లు తుడుచుకున్నాడు.

"తమ్మీ, అందరు ఏమనుకుంటున్నరంటే, నేను దేవుని మీద నమ్మకంతోని ఆగిన్నని. కాదు. అంత నమ్మకమే ఉంటే నాకు ఎవ్వని పాస్‌తోని పనేంది? నీ బుక్కుల గెలవాల్నని ఆగిన." చెయ్యి చాచి, "ఆ బుక్కు నాకియ్యి" అన్నాడు. ఇచ్చాను. మరుసటి నెల గది ఖాళీ చేసి బాలానగర్‌కు మారాను. రాహేలు గేటు దాకా వచ్చింది. ఈసారి నన్ను వెనకనుంచి పిలవలేదు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం, మొన్న వచ్చిన ఫోను. చేసినవాడు సామ్యూల్, కరుణ పోయిన మూడేళ్లకు ఆశీర్వాదానికి పుట్టిన కొడుకు. ఆశీర్వాదం, రాహేలు ఒకరి తర్వాత ఒకరు పోయారట. ఇల్లు కూలగొట్టి అపార్టుమెంటు కడుతున్నారట. అటక మీద రేకుపెట్టెలో ఒక పుస్తకం దొరికింది, అట్ట మీద మీ పేరుంది, వచ్చి చూస్తారా అంకుల్ అన్నాడు. వెళ్లాను. లింగంపల్లిలో దిగాక దారి పోల్చుకోవడానికి చాలాసేపు పట్టింది. టీ కొట్టు దగ్గర మెడలో ఐడీ కార్డులు వేసుకున్న కుర్రాళ్లిద్దరు దేవుడి గురించే కొట్లాడుకుంటున్నారు. "ప్రూఫ్ చూపించు బ్రో, ప్రూఫ్" అంటున్నాడొకడు. రెండోవాడు ఫోనులో ఏదో వెతుకుతున్నాడు. ఇద్దరూ నవ్వుతున్నారు. వాళ్ల మధ్య నోటుబుక్కు పట్టుకున్న మూడోవాడు లేడు. వాళ్లు నాకంటే తెలివైనవాళ్లేమీ కాకపోవచ్చు, కానీ వాళ్ల మాటలకు తీర్పు చెప్పేవాడు పక్కన లేడు, ఆ మేరకు అదృష్టవంతులు. మా కాలం వాదనలు గొప్పవని, మనుషులు పుస్తకాలు చదివి మాట్లాడేవాళ్లని ఇదివరకు వేరే వ్యాసాల్లో రాశాను. ఆ మాటల్ని ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

అరుగు సగం పగలగొట్టేశారు. మిగిలిన సగం మీద కూర్చున్నాం. సామ్యూల్ పుస్తకం చివరి పేజీ తెరిచి, "ఇదేంది అంకుల్, అన్నిటికి పాస్, రిజెక్ట్ అని ఉంది. గీ ఆఖరి వరుసకు రిజల్ట్ ఎందుకు రాయలే?" అన్నాడు. తండ్రి పోలికే, అదే సన్నటి పొడుగు మనిషి. అక్క జ్వరంతో పోయిందని మాత్రమే అతనికి తెలుసు. నేను మొత్తం చెప్పాను, పై పేరాల్లో రాసినదంతా, ఈ వరుసలోనే. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడలేదు. చివర, "మా నాయిన ఎన్నడు చెప్పలే. అమ్మ గూడ" అన్నాడు. తర్వాత, ఏదో ఒక ఆసరా వెతుక్కుంటున్నట్టు, మెల్లిగా అడిగాడు.

"గప్పుడు స్టేషన్ మస్తు దూరం ఉండెనా అంకుల్?"

పుస్తకం అతనికే ఇచ్చి లేచాను. గేటు ఉండిన చోట నిలబడి, లెక్కపెడుతూ మొదటి అడుగు వేశాను. ఆ మూడు పొద్దులూ టిఫిను డబ్బాతో నేను నడిచిన దారే. చుట్టూ అన్నీ మారినా స్టేషన్ కదల్లేదు, పాత ప్లాట్‌ఫారం రాతి అంచు ఇంకా ఉంది. అక్కడ ఆగాను. నాలుగు వందల పన్నెండు అడుగులు.